మాట పూర్తయ్యే దాకా ఆగిన కెమెరా

ఈ సినిమాను అమెరికా సైన్యమే తీయించింది. డబ్బు సైన్యానిది, ఆస్పత్రి సైన్యానిది, దర్శకుడు సైన్యంలో మేజరు. తీరా పూర్తయిన సినిమాను చూసుకున్నాక అదే సైన్యం దాన్ని బయటికి రానివ్వకుండా తొక్కిపెట్టింది. 1946లో మూలన పడ్డ ఆ రీళ్లకు 1980 చివర్లో గానీ మోక్షం రాలేదు. పేరు ‘లెట్ దేర్ బి లైట్’, దర్శకుడు జాన్ హ్యూస్టన్, నిడివి 58 నిమిషాలు. రెండో ప్రపంచయుద్ధం నుంచి మనసు చెదిరి తిరిగొచ్చిన సైనికులు ఒక మానసిక చికిత్సాలయంలో గడిపిన కొన్ని వారాలే ఇందులో కథ.

ఈ సినిమా గురించి ఎవరు రాసినా ముందు నిషేధం సంగతి ఎత్తుకుంటారు. అది చెప్పుకోవలసిన సంగతే. కానీ ప్రభుత్వాలు తొక్కిపెట్టిన సినిమాలు చాలా ఉన్నాయి. బయటికొచ్చాక కూడా చూడదగ్గవిగా నిలిచినవి వాటిలో కొద్ది. ఇది నిలిచింది. ఎందుకు నిలిచిందంటే నా జవాబు ఒక్కటే: దీన్ని తీసినవాళ్లకు ఓపిక ఉంది. ఎదుటి మనిషి మాట వెతుక్కుంటుంటే ఆగారు, తడబడితే ఆగారు, ఏడిస్తే ఆగారు. ఆ ఆగడం వెనక ఎంత సాంకేతిక శ్రమ ఉందో, ఎన్ని నిర్ణయాలు ఉన్నాయో విడమరిచి చూస్తేగానీ ఈ సినిమా గొప్పతనం పట్టుబడదు.

హ్యూస్టన్ అప్పటికే ‘ద మాల్టీస్ ఫాల్కన్’తో పేరు తెచ్చుకున్న హాలీవుడ్ దర్శకుడు. యుద్ధం వచ్చాక సైన్యంలోని సిగ్నల్ కోర్‌లో చేరాడు. సైన్యం కోసం మూడు డాక్యుమెంటరీలు తీశాడు. మొదటిది అల్యూషన్ దీవుల మీద, 1943లో వచ్చింది. రెండోది ఇటలీలో శాన్ పియెత్రో అనే ఊరి కోసం జరిగిన పోరు మీద, 1945లో వచ్చింది. మూడోది ఇది. శాన్ పియెత్రో సినిమాలోని యుద్ధ దృశ్యాల్లో చాలా భాగం పోరు ముగిశాక సైనికుల చేత మళ్లీ చేయించి తీసినవని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఆ సంగతి తెలిశాక ఈ మూడో సినిమా విలువ ఇంకా పెరుగుతుంది. ఏ దృశ్యం ఎలా పుట్టించాలో బాగా తెలిసిన మనిషి, ఇక్కడ పుట్టించడం మానుకుని కనిపెట్టుకుని కూర్చోవడాన్ని ఎంచుకున్నాడు. ఇందులో ఏ దృశ్యమూ నటించి తీసింది కాదని సినిమా మొదట్లోనే అక్షరాల్లో చెబుతారు.

సైన్యం ఈ సినిమా అడగడానికి కారణం ఉంది. అమెరికా సైన్యంలో గాయపడ్డవాళ్లలో దాదాపు 20 శాతం మందిది మానసిక గాయమేనని సినిమా ఆరంభంలోనే చెబుతుంది. వాళ్లంతా రేపు ఊళ్లకు పోయి ఉద్యోగాలు వెతుక్కోవాలి. ‘పిచ్చాసుపత్రి నుంచి వచ్చాడట’ అన్న మాట ఒక్కటి చాలు, ఏ యజమానీ గుమ్మం ఎక్కనివ్వడు. వీళ్లు పిచ్చివాళ్లు కారు, దెబ్బతిన్న మామూలు మనుషులు, కోలుకుంటారు అని జనానికి నచ్చజెప్పడమే సైన్యం పెట్టిన పని. మొదట అనుకున్న పేరు కూడా ‘తిరిగొస్తున్న మానసిక రోగి’ అనే అర్థం వచ్చేదే. అంటే ఇది ప్రచార చిత్రంగానే పుట్టింది. ప్రచారం కోసం పుట్టిన సినిమా అంత నిజాయితీగా ఎలా తయారైందన్నది పనితనానికి సంబంధించిన ప్రశ్న.

చిత్రీకరణ 1945లో, న్యూయార్క్ రాష్ట్రం లాంగ్ ఐలాండ్‌లోని బ్రెంట్‌వుడ్ దగ్గర మేసన్ జనరల్ హాస్పిటల్‌లో జరిగింది. ఒకేసారి చేరిన 75 మంది సైనికుల బృందాన్ని చేరిన రోజు నుంచి డిశ్చార్జ్ అయ్యే రోజు దాకా అనుసరించారు.

సినిమా ఓడతో మొదలవుతుంది. 1945, 46 సంవత్సరాల్లో ‘ఆపరేషన్ మ్యాజిక్ కార్పెట్’ పేరిట అమెరికా 80 లక్షల మందికి పైగా తన సైనికుల్ని సముద్రాలు దాటించి ఇంటికి చేర్చింది. సరుకు ఓడలు, ప్రయాణికుల ఓడలు, విమానవాహక నౌకలు, చేతికందిన ప్రతి ఓడనూ ఆ పనికి దించింది. ఆ కాలపు వార్తాచిత్రాల్లో ఓడ రేవుకు చేరడమంటే ఒక పండగ: బ్యాండు మేళం, చేతులూపే జనం, టోపీలు గాల్లోకి ఎగరడం. హ్యూస్టన్ ఆ పండగను తీసుకోలేదు. ఆయన ఓడలోంచి ముందు దిగేది స్ట్రెచర్లు, చంకకర్రలు, కట్లు. ఆ వెంటనే ఒంటి మీద ఏ కట్టూ లేనివాళ్లు, ఎవరి సాయమూ లేకుండా నడిచేవాళ్లు దిగుతారు. వీళ్లకూ గాయాలున్నాయని వ్యాఖ్యానం చెప్పేలోపే చూసేవాడి మనసులో ఒక సందేహం పుడుతుంది: వీళ్లకేమైంది?

ఆ వరుస మామూలు వరుస కాదు. కనబడే గాయాన్ని ముందు చూపించి, కనబడని గాయాన్ని దాని పక్కన నిలబెట్టి, రెండింటికీ ఒకే ఓడను, ఒకే దారిని, ఒకే మర్యాదను ఇచ్చాడు. సైన్యం ఏ సంగతి నచ్చజెప్పమందో దాన్ని ఉపన్యాసం లేకుండా రెండు మూడు నిమిషాల్లో ఎడిటింగ్‌తోనే చెప్పేశాడు. సినిమా చివర్లో కోలుకున్నవాళ్లు బస్సెక్కి వెళ్లిపోతారు. రావడం ఓడలో, పోవడం బస్సులో. మధ్యలో జరిగేదంతా నాలుగు గోడల మధ్యే. కథనానికి ఈ ప్రయాణాలే రెండు గట్లు. కల్పించిన కథ లేని డాక్యుమెంటరీకి ఇంత శుభ్రమైన ఆకారం ఇవ్వడం తేలిక కాదు.

ఆస్పత్రిలోకి అడుగుపెట్టిన బృందంతో అక్కడి అధికారి మాట్లాడే దృశ్యం ఒకటుంది. కెమెరాలను చూసి కంగారుపడకండి, మీరు చేరిన రోజు నుంచి వెళ్లే రోజు దాకా మీ పురోగతిని చిత్రీకరిస్తున్నారు అన్న అర్థం వచ్చే మాటలు వాళ్లకు చెబుతాడు. ఆ మాటను సినిమాలోంచి తీసేయడం చాలా సులభం. తీసేస్తే కెమెరా లేనట్టే అనిపించేది, అంతా సహజంగా దొరికినట్టు ప్రేక్షకుణ్ణి నమ్మించవచ్చు. హ్యూస్టన్ ఉంచాడు. ఇక్కడ కెమెరా ఉంది, వాళ్లకు తెలుసు, మీకూ తెలియాలి అని ముందే ఒప్పందం చేసుకున్నాడు. తర్వాత వచ్చే ప్రతి దృశ్యాన్నీ మనం నమ్మడానికి ఆ ఒక్క వాక్యమే పునాది.

ఈ పని విలువ తెలియాలంటే దీనికి పాతికేళ్ల పైచిలుకు ముందు ఇదే అంశం మీద వచ్చిన మరో సినిమా పక్కన పెట్టి చూడాలి. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నరాల వైద్యుడు ఆర్థర్ హర్స్ట్, ‘షెల్ షాక్’ బారిన పడ్డ సైనికుల మీద ‘వార్ న్యూరోసెస్’ అనే సినిమా తీయించాడు. 1917లో నెట్లీ ఆస్పత్రిలోనూ, 1918లో డెవన్‌లోని సీల్ హేన్‌లోనూ పాథే కంపెనీ కెమెరామెన్ దాన్ని చిత్రీకరించారు. 

హర్స్ట్ సినిమా మూకీ. మనిషి కెమెరా ముందు తల నుంచి పాదాల దాకా కనబడేట్టు నిలబడతాడు. కాళ్లు మెలికలు పడి నడుస్తాడు, చేతులు వణుకుతాయి, తల అదురుతుంది. ఒకతను ‘బాంబులు’ అన్న మాట వినగానే మంచం కిందికి దూరతాడు. తర్వాత ఒక అక్షరాల కార్డు వస్తుంది, చికిత్స జరిగిందని. ఆ వెంటనే అదే మనిషి చకచకా నడిచొస్తాడు. వైద్యుల కోసం తీసిన సినిమా కాబట్టి లక్షణం కనబడడమే దానికి కావాలి. ‘చికిత్సకు ముందు’ అని చూపించిన దృశ్యాల్లో కొన్ని, నయమయ్యాక మళ్లీ చేయించి తీసినవని చరిత్రకారుడు ఎడ్గర్ జోన్స్ పరిశోధనలో తేలింది. అలాగని ఆ సినిమా విలువ పోదు. ఆ శరీరాల బాధ నిజమే. కానీ ఆ మనుషులకు ఏమైందో, వాళ్లేమనుకుంటున్నారో మనకు చేరదు. అప్పటికి సినిమాకు నోరు లేదు.

హ్యూస్టన్ నాటికి సినిమాకు నోరొచ్చింది. అయితే సాంకేతికత ఉన్నంత మాత్రాన మాట దానంతటదే రాదు. ఈ సినిమాకు గుండెకాయ లాంటివి చేరిక సమయంలో జరిగిన ముఖాముఖి సంభాషణలు. ఒక డాక్టరు, ఒక సైనికుడు, మధ్యలో ఒక బల్ల. ఎప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు, ఏం కలలొస్తున్నాయి, ఎక్కడ పనిచేశావు, ఏం జరిగింది? ప్రశ్నలు మామూలువే. జవాబులు ఒక్కొక్కటీ ఒక్కోరకం. ఒకడు నేల చూపులు చూస్తూ ముక్తసరిగా చెబుతాడు. మొదట్నుంచీ తనతో ఉన్న కుర్రాళ్లలో చివరికి మిగిలిన స్నేహితుడు కూడా పోయాడని ఇంకొకడు చెబుతాడు. ఆ గొంతులో దుఃఖం కంటే అలసట ఎక్కువ.

ఈ దృశ్యాలకు రెండు కెమెరాలు వాడారు. ఒకటి డాక్టరు మీద, ఇంకొకటి సైనికుడి మీద. రెండూ ఒకేసారి నడుస్తాయి. ఒకే కెమెరా ఉంటే మామూలుగా ఏం చేస్తారు? ముందు రోగి మాటలు తీస్తారు, తర్వాత కెమెరా తిప్పి డాక్టరు చేత అదే ప్రశ్నలు మళ్లీ అడిగించి తీస్తారు, ఎడిటింగ్‌లో కలుపుతారు. అప్పుడు డాక్టరు ముఖంలో కనబడే ఆదుర్దా నటనే అవుతుంది. రెండు కెమెరాల పద్ధతిలో ఆ బెడద లేదు. సైనికుడు ఆగిన క్షణంలో డాక్టరు ఎలా చూశాడో, అదే క్షణానిది, నిజమైనది, దొరుకుతుంది. రోగి జవాబుతో పాటు డాక్టరు వినే తీరు కూడా రికార్డయింది. ఈ సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి అదే. వైద్యుడు వినడమెలాగో ఇంత దగ్గరగా చూపించిన సినిమాలు అరుదు.

అప్పటి పరికరాలతో ఇది ఎంత భారమైన పనో చెప్పుకోవాలి. 35 ఎంఎం ఫిల్ము వెయ్యి అడుగుల చుట్ట 11 నిమిషాల్లో అయిపోతుంది. మనిషి అసలు సంగతికి వచ్చేది పన్నెండో నిమిషంలో కావచ్చు. ఏ జవాబులో ఏ ముడి విప్పుకుంటుందో ముందు తెలియదు కాబట్టి తిప్పుతూనే ఉండాలి. అలా తిప్పింది మొత్తం 3,75,000 అడుగులు, అంటే దాదాపు 70 గంటలు. అందులోంచి నిలబెట్టుకున్నది గంట కంటే తక్కువ. అప్పటి ఫిల్ముకు వెలుతురు బాగా కావాలి. ఆ దీపాల వేడి, యంత్రాల చప్పుడు, చుట్టూ మనుషులు, వీటన్నిటి మధ్యా ఒక మనిషి తన కలల గురించి మాట్లాడగలిగాడంటే సిబ్బంది ఎంత ఒద్దికగా మసలుకున్నారో ఊహించవచ్చు.

ఛాయాగ్రాహకుల్లో ముఖ్యుడు స్టాన్లీ కోర్టెజ్. ఆర్సన్ వెల్స్ ‘ద మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్’కు పనిచేసినవాడు, తర్వాత 1955లో ‘ద నైట్ ఆఫ్ ద హంటర్’కు నీడలతో అద్భుతాలు చేసినవాడు. వెలుగునీడలతో కథ చెప్పడంలో ఆరితేరిన చెయ్యి అది. ఇక్కడ ఆ చెయ్యి తనను తాను అదుపులో పెట్టుకుంది. వెలుతురు ముఖం మీద ఉంటుంది, కళ్లు స్పష్టంగా కనబడతాయి, వెనక ఉన్న గది కొంచెం చీకట్లోకి జరుగుతుంది. అంతే. గదిలో ఇంకేముందో చూడాలనిపించదు. చూపు ఆ కళ్ల దగ్గరే ఆగుతుంది. ఆస్పత్రిని భయపెట్టే చోటుగా చూపించడానికి కావలసిన నైపుణ్యమంతా కోర్టెజ్ దగ్గర ఉంది. దాన్ని వాడకపోవడమే ఆయన ఇక్కడ చేసిన పని.

ఒక సంభాషణను దగ్గరగా చూద్దాం. కుర్చీలో ఒక నల్లజాతి సైనికుడు. చదువుకున్న మనిషి మాట తీరు, ప్రతి వాక్యానికీ ‘సర్’ అంటూ మర్యాద. తనకొచ్చిన బాధను మీ వైద్యుల భాషలో ఫలానా అంటారనుకుంటాను అని తనే పేరు పెడతాడు. ఇంటి మీద బెంగా అని డాక్టరు తేలిక మాటల్లో అడుగుతాడు. అవునంటాడు. ప్రియురాలి నుంచి ఒక ఫొటో వచ్చిందని చెప్పబోతాడు. ఫొటో అన్న మాట దగ్గరే గొంతు తెగిపోతుంది. అప్పటిదాకా ఎంత జాగ్రత్తగా కట్టుకున్న మాటలో, అంత గబుక్కున కూలిపోయి ఏడుస్తాడు.

ఇక్కడ హ్యూస్టన్, ఎడిటర్ జీన్ ఫౌలర్ జూనియర్ ఏం చేశారో గమనించాలి. ఏడుపు మొదలవగానే కెమెరా ఇంకా దగ్గరికి దూసుకుపోదు. వయొలిన్లు మోగవు. ఇబ్బందిగా ఉందని దృశ్యం మార్చరు కూడా. ఆ మనిషి తనను తాను సర్దుకునేందుకు ఎంత సేపు పట్టిందో దాదాపు అంత సేపూ మనల్నీ అక్కడే కూర్చోబెడతారు. డాక్టరు కంగారుపడడు, ఓదార్పు మాటలు కుమ్మరించడు. మనసులో ఉన్నది ఇలా బయటికి రావడం ఒక్కోసారి మేలే చేస్తుందని నెమ్మదిగా చెబుతాడు. సైనికుడు తేరుకుని మళ్లీ మాట అందుకుంటాడు. ఏడుపుతో దృశ్యం ముగించి ఉంటే చూసేవాడికి జాలి మిగిలేది. తేరుకునేదాకా ఉంచడం వల్ల గౌరవం మిగిలింది. కత్తెర ఎక్కడ వేయాలన్న ఒక్క నిర్ణయంలో ఇంత తేడా ఉంది.

తర్వాత వచ్చే చికిత్స దృశ్యాలు సినిమాలో ఎక్కువ పేరుపడ్డవి. కాళ్లు పడిపోయిన ఒక సైనికుణ్ణి ఇద్దరు పట్టుకుని తీసుకొస్తారు. ఎముకలకు, నరాలకు ఏ దెబ్బా లేదు, అయినా నడవలేడు. సోడియం ఎమిటాల్ అనే మత్తుమందును సిరలోకి ఎక్కిస్తారు. పూర్తిగా నిద్రపోని, పూర్తిగా మెలకువలో లేని ఆ స్థితిలో డాక్టరు మెల్లగా ప్రశ్నలు వేస్తాడు, సైనికుడు ఇంటి సంగతులు చెప్పుకొస్తాడు, కాసేపటికి లేచి నడుస్తాడు. ఈ పద్ధతి గాల్లోంచి ఊడిపడింది కాదు. ఉత్తర ఆఫ్రికా యుద్ధరంగంలో రాయ్ గ్రింకర్, జాన్ స్పీగెల్ అనే ఇద్దరు సైనిక వైద్యులు ఇలాంటి మందుతోనే, బిగుసుకున్న జ్ఞాపకాలను బయటికి రప్పించి చికిత్స చేశారు. మేసన్ జనరల్‌లో జరిగింది ఆ బాటలోనే.

నత్తితో వచ్చిన సైనికుడి దృశ్యం ఇంకా బలమైనది. ‘స’ శబ్దం దగ్గర నాలుక తొట్రుపడడం మొదలైందని, గాలిని చీల్చుకుంటూ వచ్చే ఫిరంగి గుండు చప్పుడుకూ దానికీ ముడి ఉందని అతని మాటల్లోనే తెలుస్తుంది. మందు పనిచేసి గొంతు విడిపోగానే, తను మాట్లాడగలుగుతున్నానని అందరికీ వినబడేలా పదే పదే అరుస్తాడు. ఒకినావా పోరులో జ్ఞాపకం పోగొట్టుకున్న ఇంకొకతన్ని డాక్టర్ బెంజమిన్ సైమన్ హిప్నాటిజంతో వెనక్కి తీసుకెళతాడు. ఆ యుద్ధరంగానికి, ఆ పేలుడుకు చేర్చి, చివరికి తన పేరు తనే చెప్పుకునే దాకా నడిపిస్తాడు. సైమన్ గొంతు ఎక్కడా హెచ్చదు. కెమెరా కూడా ఆయన గొంతు లాగే నిలకడగా ఉంటుంది. నాటకీయత అంతా జరిగే సంగతిలోనే ఉంది, చూపించే తీరులో ఒక్క రవ్వ కూడా కలపలేదు.

ఇక్కడే సినిమాకున్న పెద్ద లోపం కూడా ఉంది. గంట లోపు సినిమాలో వరసగా కాళ్లు రావడం, గొంతు రావడం, జ్ఞాపకం రావడం చూస్తే, మనసు గాయం ఒక ఇంజెక్షనుతో మానిపోతుందన్న భ్రమ కలుగుతుంది. వైద్యుల శక్తిని పొగిడేటప్పుడు వ్యాఖ్యానం స్వరం కూడా కాస్త పెరుగుతుంది. అది ఆ కాలపు నమ్మకం, పైగా సైన్యం కోరిన ఆశాభావం. అయితే కాళ్లొచ్చిన సైనికుడి దగ్గరే వ్యాఖ్యానం ఒక హెచ్చరిక చేస్తుంది: నడక వచ్చినంత మాత్రాన రోగం పోయినట్టు కాదు, అసలు కారణాలను తేల్చుకునే పని ఇంకా మిగిలే ఉంది అని. తర్వాతి భాగమంతా ఆ మిగిలిన పనే. సైనికులు గుండ్రంగా కూర్చుని చిన్ననాటి భయాల గురించి మాట్లాడుకుంటారు. బయటికి వెళ్లాక లోకం తమనెలా చూస్తుందోనన్న దిగులు బయటపెడతారు. ఇవి మందు దృశ్యాలంత ఉత్కంఠగా ఉండవు. అయినా ఎడిటర్ వాటిని పక్కన పెట్టలేదు.

శబ్దం విషయంలోనూ అదే పొదుపు. వ్యాఖ్యానం చెప్పింది దర్శకుడి తండ్రి, నటుడు వాల్టర్ హ్యూస్టన్. తర్వాత కొన్నేళ్లకే కొడుకు తీసిన ‘ద ట్రెజర్ ఆఫ్ ద సియెరా మాడ్రె’కు ఆస్కార్ అందుకున్న నటుడు. వయసు పండిన ఆ గొంతుకు సహజంగానే ఇంటిపెద్ద ధోరణి ఉంది. సంగీతం దిమిత్రి త్యోమ్కిన్‌ది. పెద్ద వాద్యబృందాలతో హోరెత్తించడానికి పేరుపడ్డ స్వరకర్త ఆయన. ముఖాముఖి సంభాషణల్లో ఆ గొంతూ, ఆ సంగీతమూ రెండూ తప్పుకుని సైనికుడికి చోటిస్తాయి. ఇంత పేరున్నవాళ్లను పెట్టుకుని, వాళ్లు ఎక్కడ మౌనంగా ఉండాలో నిర్ణయించగలగడం దర్శకుడి పనితనమే.

చివర్లో ఒక బేస్‌బాల్ ఆట ఉంటుంది. నడవలేక వచ్చినవాడు పరుగెడుతుంటాడు. నత్తితో వచ్చినవాడు అంపైరై గట్టిగా తీర్పులు చెబుతుంటాడు. మొదట్లో వాళ్లెలా ఉండేవారో చిన్న చిన్న తునకలుగా మధ్యలో చూపిస్తారు. కొంచెం ఎక్కువ సర్దినట్టుంది ఈ భాగం, ఒప్పుకుంటాను. కానీ ఆ మనుషులతో మనం అంతసేపు కూర్చున్నాం కాబట్టి ఆ పరుగు మనసుకు తగులుతుంది.

1946లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో సినిమా ప్రదర్శన పెట్టుకుంటే, సైనిక పోలీసులు వచ్చి ప్రింటును పట్టుకుపోయారని హ్యూస్టన్ ఆత్మకథలో రాసుకున్నాడు. రోగుల ఆంతరంగిక విషయాలు బయటపడతాయన్నది సైన్యం చెప్పిన కారణం. వాళ్లిచ్చిన అంగీకార పత్రాలు ఉన్నాయని, అవి తర్వాత కనబడకుండా పోయాయని హ్యూస్టన్ వాదన. యుద్ధానికి వెళ్లిన మగవాడు ఇంకా గట్టిపడి తిరిగొస్తాడన్న కట్టుకథకు ఈ సినిమా అడ్డం పడడమే అసలు కారణమని ఆయన నమ్మాడు. ఆస్పత్రి గౌను వేసుకుని మంచం మీద కూర్చున్న మనిషి సైన్యానికి ఇచ్చే అనుమతి ఎంత స్వేచ్ఛగా ఇచ్చింది అన్న ప్రశ్న ఇప్పటికీ తీసిపారేయదగ్గది కాదు. సినిమాను ప్రేమించేవాళ్లు కూడా ఆ ప్రశ్నను పక్కన పెట్టకూడదు.

కానీ సైన్యం తర్వాత చేసిన పని చూస్తే అసలు భయమెక్కడుందో తెలుస్తుంది. 1948లో జోసెఫ్ హెనబరీ దర్శకత్వంలో ‘షేడ్స్ ఆఫ్ గ్రే’ అని ఇంకో సినిమా తీయించింది. అందులో రోగులు నటులు, అందరూ తెల్లవాళ్లు. సైన్యంలో జాతి విభజనను రద్దు చేస్తూ ట్రూమన్ ఉత్తర్వు వచ్చింది కూడా 1948 జులైలోనే. అంతకు మూడేళ్ల ముందే హ్యూస్టన్ సినిమాలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే వార్డులో పక్కపక్కన కూర్చుని ఒకే బాధ చెప్పుకుంటారు. దాని మీద ఒక్క మాట కూడా ప్రత్యేకంగా అనరు. పనితనం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఈ రెండు సినిమాల కంటే మంచి పాఠం లేదు. నటుడికి ఏ వాక్యం తర్వాత ఏ వాక్యం వస్తుందో తెలుసు. హ్యూస్టన్ సినిమాలోని సైనికుడికి తెలియదు. ఆ తెలియకపోవడాన్ని ఎవరూ నటించలేరు, దానికోసం కాచుకుని ఉండడం తప్ప వేరే దారి లేదు.

1980లో అమెరికా సినీ నిర్మాతల సంఘం అధ్యక్షుడు జాక్ వాలెంటి తదితరులు పట్టుబట్టారు. ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్ కలగజేసుకున్నాడు. సైనిక వ్యవహారాల కార్యదర్శి క్లిఫర్డ్ అలెగ్జాండర్ డిసెంబరులో విడుదలకు అనుమతినిచ్చాడు. అదే ఏడాది అమెరికా మానసిక వైద్యుల అధికారిక రోగ నిర్ధారణ గ్రంథంలో పీటీఎస్‌డీ, అంటే భయానక అనుభవం తర్వాత మిగిలే మానసిక గాయం, తొలిసారి చోటు సంపాదించింది. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికుల పోరాటం దానికి పెద్ద కారణం. వైద్యశాస్త్రం పేరు పెట్టిన ఏడాదే, ఆ బాధ ముప్పై అయిదేళ్ల కిందట ఎలా మాట్లాడిందో రికార్డు చేసిన సినిమా కూడా బయటపడింది.

బయటపడ్డా, మాటలు సరిగా వినబడేవి కావు. అప్పట్లో తిరిగిన ప్రింట్లలో శబ్దం ముద్దగా ఉండేది. గొణుగుడు, తడబాటు, గుసగుస, అంటే సినిమాకు ప్రాణమైనవన్నీ చెవికి అందకుండా పోయేవి. 2010లో దీన్ని అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు. 2012లో నేషనల్ ఫిల్మ్ ప్రిజర్వేషన్ ఫౌండేషన్, నేషనల్ ఆర్కైవ్స్ దగ్గరున్న మెరుగైన ప్రతి ఆధారంగా బొమ్మనూ, శబ్దాన్నీ బాగుచేయించింది. ఈ సినిమా విషయంలో శబ్దాన్ని శుభ్రం చేయడమంటే ఒక సైనికుడు కుర్చీలో కూర్చుని అన్న మాటను దశాబ్దాల తర్వాత మళ్లీ వినిపించడమే. అలా చూస్తే పునరుద్ధరించినవాళ్లు కూడా హ్యూస్టన్ బృందంలో చేరినట్టే.

హ్యూస్టన్‌ను ఈ అనుభవం వదల్లేదు. ఇదే సినిమాకు తనతో కలిసి రాసిన చార్ల్స్ కౌఫ్‌మన్ రచనతో 1962లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ మీద సినిమా తీశాడు. పాల్ థామస్ ఆండర్సన్ 2012లో తీసిన ‘ద మాస్టర్’లో, యుద్ధం ముగిశాక ఆస్పత్రిలో సైనికుణ్ణి ప్రశ్నించే దృశ్యాలు నేరుగా ఈ సినిమా ఛాయల్లోంచే వచ్చాయి.

అమెరికా ప్రభుత్వ సిబ్బంది తమ ఉద్యోగంలో భాగంగా తీసింది కాబట్టి అక్కడ దీని మీద ఎవరికీ కాపీరైట్ లేదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. 2012 నాటి ప్రతినే వెతికి చూడండి. ముఖాముఖి సంభాషణలను మాత్రం రెండేసి సార్లు చూడమని నా మనవి. మొదటిసారి సైనికుణ్ణి చూడండి. రెండోసారి డాక్టరును చూడండి. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఆయన ఎంత సేపు ఆగుతున్నాడో, ఆ విరామాన్ని ఎడిటర్ కత్తిరించకుండా ఎలా కాపాడాడో గమనించండి. బాధలో ఉన్న మనిషి ముందు మైకు పెట్టగానే మీకెలా అనిపిస్తోంది అని అడిగి, జవాబు సగంలో ఉండగానే ఇంకొకరి దగ్గరికి పరుగెత్తే కెమెరాలకు మనం బాగా అలవాటు పడిపోయాం. డాక్యుమెంటరీలు తీసే కుర్రాళ్లకు, విలేకరులకు, కౌన్సెలింగ్ చేసేవాళ్లకు, ఇంట్లో మనసు బాగోలేని మనిషి ఉన్న ప్రతివాళ్లకూ ఈ సినిమా నేర్పేది ఒక్కటే: మంచి ప్రశ్న వేయడం పనిలో సగం మాత్రమే, జవాబుకు కావలసినంత వ్యవధి ఇవ్వడం మిగతా సగం.